గుర్తు, జ్ఞాపకం ఒకటేనా?

"నాకు గుర్తు లేదు", "నాకు జ్ఞాపకం లేదు" అన్నప్పుడు తేడా ఏమిటని నిన్న ఒకరు అడిగారు. ఆ రెండు వాక్యాల వరకు తేడా ఏమీ లేదు, ఏది వాడినా సరిపోతుంది. మరి మనిషిని గుర్తుపడతాం గానీ జ్ఞాపకం పట్టం. జ్ఞాపకశక్తి అంటాం, గుర్తుశక్తి అనం. గాయం మానాక ఒంటి మీద మిగిలేవి గుర్తులు. ఆ దెబ్బ ఎలా తగిలిందో చెప్పుకునేటప్పుడు అవి జ్ఞాపకాలు.

మా అమ్మమ్మ బజారుకు బయల్దేరే ముందు కొంగు చివర ముడి వేసుకునేది. ఎందుకని అడిగితే "గుర్తుకి" అనేది. "జ్ఞాపకానికి" అనగా నేను వినలేదు. చివరి రోజుల్లో ఆమెకి మతిమరుపు ముదిరింది. నేను ఎదురుగా కూర్చుంటే "ఎవరబ్బాయివి నాయనా?" అని అడిగేది. ఆ వెంటనే నా పేరే చెప్పి, "వాడికి సున్నుండలంటే ప్రాణం, వచ్చేసరికి చేసి పెట్టాలి" అనేది. నన్ను గుర్తుపట్టలేదు, కానీ ఆమె జ్ఞాపకంలో నేనున్నాను. ఈ రెండు మాటలూ విడివిడిగా ఉండబట్టే ఆ సంగతి ఇలా చెప్పగలుగుతున్నాను.

సంస్కృతంలో మాత్రం జ్ఞాపకం అంటే తెలియజేసేది, సూచించేది. అంటే దాదాపు మన గుర్తే! ఆ మాటని మనసు లోపలికి తెచ్చుకున్నది మనమూ, మన పక్కనున్న కన్నడిగులూ తమిళులూ. శకుంతల కథ చూడండి. చేప కడుపులో దొరికిన ఉంగరం గుర్తు. దాన్ని చూడగానే దుష్యంతుడికి తిరిగొచ్చింది జ్ఞాపకం.

తలచుకోవడం వేరు. "నూరేళ్ళాయుష్షు, ఇప్పుడే నిన్ను తలచుకున్నాం" అంటాం కదా, అక్కడ జ్ఞాపకం పెట్టి చూడండి, మాట చప్పబడిపోతుంది. "నువ్వు తలచుకుంటే కానిదేముంది" అన్నప్పుడైతే అది సంకల్పమే. గుర్తుకు రావడం మన చేతుల్లో లేదు, తలచుకోవడం మన పని. నాకు వీటన్నిటిలో ఇష్టమైన మాట ఇదే.

తెలంగాణలో ఉర్దూ 'యాద్' నుంచి వచ్చిన యాది ఉంది. "యాదికొచ్చింది" అంటే జ్ఞాపకం వచ్చింది, "నిన్ను యాది చేసుకున్నం" అంటే తలచుకున్నాం. రెండు పనులూ ఒక్క మాటే చేస్తోంది. మనిషిని పోల్చుకోవడానికి మాత్రం అక్కడ కూడా గుర్తుపట్టుడే అంటారు. ఆనవాలు పట్టడం అనే మాట మీ ఊళ్ళో ఇంకా వాడుతున్నారా? ఎవరి నోట విన్నారో, ఏ సందర్భంలోనో రాయండి.