పార్కిన్‌సన్స్‌కు యాంటీబాడీ మందు: నాన్నగారు దాని కోసం ఆగవచ్చా?

ప్రశ్న (తెనాలి అమ్మాయి)

నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. రెండేళ్ల కిందట పార్కిన్‌సన్స్ (కదలికలు మందగించే మెదడు జబ్బు) అని తేలింది. నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలు రాసిన మనిషి ఇప్పుడు సరుకుల చీటీ రాస్తే, పంక్తి చివరికి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలంత అయిపోతున్నాయి. డాక్టరుగారు లెవోడోపా (మెదడులో తగ్గిన డోపమైన్ అనే రసాయనాన్ని భర్తీ చేసే మాత్ర) రాశారు గానీ, త్వరగా మొదలుపెడితే తరువాత పనిచేయదని ఎవరో చెప్పడంతో ఆయన పూట విడిచి పూట వేసుకుంటున్నారు. మెదడులో పేరుకునే ప్రొటీనును తొలగించే ప్రాసినెజుమాబ్ అనే యాంటీబాడీ గురించి చదివినప్పటి నుంచి "అది వచ్చేదాకా ఓపిక పడతానమ్మా" అంటున్నారు. ఆ మందు ఎంతవరకు వచ్చింది? దాని కోసం ఆగడం సబబేనా?

జవాబు 1 (ప్రొటీన్ల మీద పరిశోధన చేసే వ్యక్తి)

అమ్మా, నాన్నగారి ఆశకు ఆధారం లేకపోలేదు. ఆల్ఫా సిన్యూక్లిన్ 140 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీను; అందరి మెదడులోనూ నరకణాల కొసల దగ్గర ఉంటుంది. ఈ జబ్బులో అది సరిగా ముడుచుకోక, ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడుతుంది. లూయీ బాడీలనే ఆ గడ్డలలో ప్రధానంగా ఉన్నది ఈ ప్రొటీనేనని 1997లో తెలిసింది. అంతకు పదేళ్లకు పైగా ముందు రోగుల మెదడులో నాటిన పిండకణాలలోనూ అవే గడ్డలు కనిపించాయని 2008లో వెల్లడైంది. చెడిన ప్రొటీను కణం నుంచి కణానికి పాకుతోందన్న ఆలోచనకు బలం వచ్చింది అప్పుడే. అలా పాకే దారిలో, కణాల నడుమ, దాన్ని పట్టుకోవాలన్నదే యాంటీబాడీల ఉద్దేశం.

చిక్కంతా ఇక్కడే ఉంది. అల్జీమర్స్‌లో అమిలాయిడ్ ఫలకాలు కణాల బయట ఉంటాయి కనుక యాంటీబాడీకి అందుతాయి. సిన్యూక్లిన్‌లో అత్యధిక భాగం కణం లోపలే ఉంటుంది. పైగా రక్తంలోకి ఎక్కించిన యాంటీబాడీలో మెదడుకు చేరేది నూటికి ఒక వంతు కన్నా తక్కువ. ఇలాంటిదే మరో యాంటీబాడీ సిన్‌పనెమాబ్‌ను 357 మందిపై పరీక్షిస్తే ప్లాసిబోకూ (మందు లేని ఉత్తుత్తి మోతాదుకూ) దానికీ తేడా లేకపోవడంతో ఆ మందును వదిలేశారు. ప్రాసినెజుమాబ్ తొలి పెద్ద పరీక్షలో 316 మంది పాల్గొన్నారు. ఏడాదిలో జబ్బు స్కోరు (ఎంత పెరిగితే జబ్బు అంత ముదిరినట్టు) ప్లాసిబో వారిలో 9.4 పెరిగితే, మందు తీసుకున్న రెండు జట్లలో 9.2, 8.8 పెరిగింది. అది తేడా అనిపించుకోదు. తరువాత 586 మందికి మందునో ప్లాసిబోనో నాలుగు వారాలకొకసారి నరం ద్వారా ఎక్కించి, కనీసం 18 నెలలు చూశారు. కదలికలు క్షీణించే ముప్పు సుమారు 16 శాతం తగ్గినట్టు కనిపించినా, అది కాకతాళీయం కాదని చెప్పడానికి పెట్టుకున్న గీతను కొద్దిలో అందుకోలేదని 2024 డిసెంబరులో ప్రకటించారు. మొత్తం ఫలితం తప్పినప్పుడు వారిలో ఒక భాగమైన ఉపజట్టులో కనిపించిన మేలును నేను రుజువుగా తీసుకోను, కానీ కొట్టిపారేయను కూడా. మూడో దశకు, అంటే అనుమతికి ముందు జరిపే పెద్ద పరీక్షకు, వెళతామని ఈ మందును అభివృద్ధి చేస్తున్న రోష్ కంపెనీ 2025లో చెప్పింది. అంటే అంగట్లోకి రావడానికి, వస్తే, ఇంకా ఏళ్లు పడుతుంది.

జవాబు 2 (నరాల వైద్యురాలు)

పై జవాబులో ప్రస్తావించిన ఉపజట్టు ఎవరిదో మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి. ఆ 586 మందిలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది అప్పటికే లెవోడోపా వాడుతున్నవారు. మేలు కాస్త స్పష్టంగా కనిపించింది వారిలోనే. యాంటీబాడీ కోసం లెవోడోపాను దాచుకోవడంలో అర్థం లేదు. 445 మందిలో సగం మందికి వెంటనే, మిగతా సగానికి 40 వారాల తరువాత లెవోడోపా ఇచ్చిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి; 80 వారాల చివర రెండు జట్ల మధ్యా తేడా లేదు. ముందు మొదలుపెట్టినందువల్ల జబ్బు ముదరనూ లేదు, ఆగనూ లేదు. కాలం గడిచే కొద్దీ మందు పనిచేసే వ్యవధి తగ్గడానికి ముఖ్య కారణం మెదడులో డోపమైన్ కణాలు తరిగిపోవడమే. ఆయన పూటలు తప్పించడం మాత్రం మంచిది కాదు; ఉన్నట్టుండి మానేయడం ప్రమాదం కూడా. ఈ సంగతి ఆయన డాక్టరుగారికి దాచకుండా చెప్పండి.

జవాబు 3 (తొమ్మిదేళ్లుగా భర్తను చూసుకుంటున్న గృహిణి)

అమ్మాయీ, మావారు కూడా మాత్ర పనిచేయడం లేదని విసుక్కునేవారు. పప్పన్నం, పెరుగు తిన్న వెంటనే వేసుకోవడమే కారణమని చాలా రోజులకు తెలిసింది; ఆహారంలోని ప్రొటీను లెవోడోపాకు అడ్డుపడుతుందట. డాక్టరును అడిగి, భోజనానికి అరగంట ముందు ఇవ్వడం మొదలుపెట్టాక చొక్కా గుండీలు మళ్లీ తనే పెట్టుకుంటున్నారు. ఆయనకు పావుగంట పడుతుంది, నేను పక్కన కూర్చుంటాను గానీ చెయ్యి వేయను.

తెనాలి అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. మూడు జవాబులూ నాన్నగారికి చదివి వినిపించాను. లెవోడోపా వాడుతున్నవారి మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. ఈ ఉదయం ఏడున్నరకు మాత్ర వేసుకుని, ఎనిమిదింటికి ఇడ్లీ తిన్నారు. సోమవారం డాక్టరుగారి దగ్గరకు వెళుతున్నాము. తప్పించిన పూటలన్నీ ఆయనే ఒక కాగితం మీద రాస్తున్నారు.