ఇంజిన్ పని చేయించాక ఆయిల్ ప్రెషర్ మరీ ఎక్కువ చూపిస్తోంది (జిప్సీ 1.3)

జిప్సీ_1300:
బండి మారుతి జిప్సీ, 1.3 పెట్రోల్, జీ13 ఇంజిన్. బోరింగ్ కొట్టించి కొత్త పిస్టన్లు, క్రాంకుకి కొత్త మెయిన్ (బ్లాకులో క్రాంకు తిరిగే చోటివి), బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంకుకి పట్టే చోటివి) బేరింగ్ షెల్స్ వేయించి 600 కిలోమీటర్లు అయింది. ఆయిల్ 20డబ్ల్యు50 మినరల్, ఫిల్టర్ కొత్తది. కంపెనీది ఎర్ర లైటు ఒక్కటే కాబట్టి ఆ లైటు ప్రెషర్ స్విచ్ దగ్గర టీ జాయింటు పెట్టి బయట కొన్న ఎలక్ట్రిక్ మీటర్ బిగించాను. మీటర్ 0–10 బార్. సెండర్ (ప్రెషర్ పసిగట్టి మీటర్‌కి పంపేది) విడిగా కొన్నది, ఒంటి వైరుది.

పొద్దున చల్లటి ఇంజిన్, ఐడిలింగ్‌లో: 8 బార్
20 కి.మీ. నడిపాక ఐడిలింగ్‌లో: 3 బార్
వేడి మీద 2000 ఆర్పీఎం: 6 బార్
వేడి మీద 3500 ఆర్పీఎం: 8 బార్, ఇంకా రేస్ చేసినా పెద్దగా పెరగదు

ఎక్కడా లీకు లేదు, ట్యాపెట్ శబ్దం లేదు. రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకుని ఆయిల్ వదిలేది) పట్టేసింది, ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దింపి పంపు విప్పాల్సిందే అంటున్నాడు మెకానిక్. దానికంటే ముందు చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా? ఈలోపు బండి నడపొచ్చా?

ఆటోనగర్_బెజవాడ:
ఛాంబర్ మీద ఇప్పుడే పానా పెట్టించొద్దు బ్రదర్. మీరిచ్చిన అంకెలు చూస్తే రిలీఫ్ వాల్వ్ మీద అనుమానం రావట్లేదు.

ఈ ఇంజిన్‌లో పంపు క్రాంకు ముక్కు మీదే ఉండే రోటర్ పంపు. క్రాంకు ఒక చుట్టు తిరిగితే ఇంత ఆయిల్ అని లెక్కగా తోస్తుంది. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటపడటానికి ఎంత కష్టపడితే అంత ప్రెషర్. వేడి ఐడిలింగ్‌లో తోసేది తక్కువ, ఆయిల్ కూడా పల్చన, హాయిగా జారిపోతుంది. ఆ సమయంలో మంచి రిలీఫ్ వాల్వ్ కూడా మూసుకునే ఉంటుంది. అందుకే అది పట్టేసినా వేడి ఐడిలింగ్ అంకె మారదు. మూసుకుని పట్టేసిన వాల్వ్ బయటపడేది చల్లటి ఇంజిన్‌లోనూ, రేస్ చేసినప్పుడూ. అప్పుడు ముల్లు ఎక్కడా ఆగదు, ఆర్పీఎంతో పాటే ఎక్కుతూ పోతుంది. మీ ముల్లు 8 దగ్గర ఆగుతోంది. ఆగుతోందంటే వాల్వ్ తెరుచుకుంటోందని.

ఇక మీ అంకెలన్నీ సగం చేసి చూడండి: 4, 1.5, 3, 4. పని చేయించిన 1.3 ఇంజిన్‌కి ఉండాల్సిన ప్రెషర్లు అచ్చం ఇవే. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా, ఐడిలింగ్‌లోనూ రేస్‌లోనూ ఒకే లెక్కన రెట్టింపు చూపిస్తే తప్పు ఆయిల్ దారిలో ఉండదు. సెండర్‌కీ మీటర్‌కీ జత కుదరలేదు.

వీడీఓ (మీటర్ల కంపెనీ) తరహా సెండర్లు ప్రెషర్ సున్నా ఉన్నప్పుడు 10 ఓములు (కరెంటుకి అడ్డు కొలత), పూర్తి ప్రెషర్ దగ్గర 180 ఓముల చుట్టూ ఇస్తాయి. 5 బార్ సెండరైనా 10 బార్ సెండరైనా అవే ఓములు. 5 బార్ సెండర్‌ని 10 బార్ మీటర్‌కి కలిపితే అసలు ప్రెషర్ 2.5 ఉన్నప్పుడు ముల్లు 5 దగ్గర నిలబడుతుంది. ఇంజిన్ ఆపితే చక్కగా సున్నాకి వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సెండర్ ఒంటి మీద 5 బారో 10 బారో కొట్టి ఉంటుంది, మసి తుడిచి చూడండి.

ఇంకో రెండు పరీక్షలు. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా సెండర్ వైరు పీకండి. ముల్లు ఒక్కసారిగా చివరికి పోవాలి. అదే వైరుని ఇంజిన్ బాడీకి తాకిస్తే సున్నాకి రావాలి. (అమెరికన్ తరహా 240–33 ఓముల మీటరైతే ఇది తిరగబడుతుంది.) దీన్నిబట్టే తెలుస్తుంది, ఈ తరహాలో ఎర్త్ సరిగ్గా లేకపోయినా ముల్లు ఎక్కువే చూపిస్తుందని. ఒంటి వైరు సెండర్‌కి ఎర్త్ మరల గుండానే రావాలి. మరల మీద టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి బిగిస్తే ఆ ఎర్త్ బలహీనపడుతుంది.

క్రాంకు_కొలతలు:
పై మాట నిజమే. కానీ ఇది పని చేయించిన ఇంజిన్. మెకానికల్ మీటర్‌తో తేలేదాకా బండి తీయొద్దని నా గట్టి సలహా. 0–10 బార్ మెకానికల్ మీటర్, హోసు కలిపినది, స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతుంది. స్విచ్ తీసిన చోటే నేరుగా బిగించండి, టీ వద్దు.

ఆ రంధ్రం మరలు 1/8 బీఎస్పీటీ, అంగుళానికి 28. మార్కెట్లో చాలా అడాప్టర్లు 1/8 ఎన్పీటీ, అంగుళానికి 27. రెండూ కళ్లకి ఒకేలా ఉంటాయి. తప్పుది పెడితే ఒకటి రెండు చుట్లు చేత్తో తేలిగ్గా తిరిగి, తర్వాత గట్టిపడుతుంది. అక్కడ పానా వేసి బలవంతం చేస్తే బ్లాకులో మరలు పోతాయి, రంధ్రం చుట్టూ ఉండే చెవి పగిలినా పగులుతుంది. చేత్తోనే మూడు నాలుగు చుట్లు సాఫీగా దిగాలి.

కొలిచేది నిజంగా వేడెక్కాకే. నీళ్ల వేడి చూపే ముల్లు మధ్యకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మెకానికల్ మీటర్ మీద కూడా వేడి ఐడిలింగ్ 3 బార్ వస్తే అది ప్రమాదం కావచ్చు. ఆయిల్ ఎక్కడో వెళ్లాల్సిన చోటికి వెళ్లట్లేదని దాని అర్థం కావచ్చు. మెయిన్ షెల్స్‌లో పైది, అంటే బ్లాకు వైపుది, గాడి, రంధ్రం ఉన్నది. క్యాపు వైపుది నున్నగా ఉంటుంది. తారుమారుగా పెడితే ఆ మెయిన్‌కీ, దాన్నుంచి ఆయిల్ అందే బిగ్ ఎండ్‌కీ చుక్క కూడా అందదు. దారి మూసుకుంది కాబట్టి మీటర్ మాత్రం ఘనంగా చూపిస్తుంది. హెడ్ గాస్కెట్‌లో ఆయిల్ రంధ్రం కలవకపోయినా ఇదే వరస. వాల్వ్ కవర్ తీసి ఐడిలింగ్‌లో ఒక నిమిషం చూడండి. రాకర్ల కింద ఆయిల్ ఊరుతూ తడి మెరవాలి. పైన పొడిగా ఉండి మీటర్ ఎక్కువ చూపిస్తే వెంటనే ఆపేయండి.

జిప్సీ_1300:
సెండర్ తుడిచి చూస్తే 5 బార్ అని ఉంది. మెకానికల్ మీటర్ అంకెలు: చల్లటి ఐడిలింగ్ 4.2, వేడి ఐడిలింగ్ 1.5, 2000 దగ్గర 3.1, 3500 దగ్గర 4.2. రాకర్లు తడిగానే ఉన్నాయి. ఛాంబర్ దింపే పని తప్పింది, ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. మరి 20డబ్ల్యు50 ఉంచాలా, పల్చటిది వేయాలా?

ఆటోనగర్_బెజవాడ:
10 బార్ సెండర్ తెచ్చుకోండి, మీటర్ మార్చక్కర్లేదు. 5 బార్ సెండర్ ఉంచుకుని సగం లెక్క వేసుకోవద్దు. చల్లటి ఇంజిన్ రేస్ అయితే ప్రెషర్ దాని హద్దు దగ్గరికి వెళ్తుంది, దాటితే సెండర్ పాడవ్వొచ్చు.

ఆయిల్ సంగతి: 100 డిగ్రీల దగ్గర 50 గ్రేడు (20డబ్ల్యు50లో చివరి అంకె ఇదే) చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్స్ లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3, 30 గ్రేడు 9.3 నుంచి 12.5. కొత్త షెల్స్‌తో సందులు బిగుతుగా ఉన్నప్పుడు 50 గ్రేడు అవసరం లేదు. మాన్యువల్‌లో మన ఎండలకి ఇచ్చిన గ్రేడుల్లోంచి ఒకటి పోయండి. 30 గ్రేడు పోస్తే వేడి ఐడిలింగ్ 1 బార్ దగ్గరికి దిగొచ్చు, దానికి కంగారు పడకండి. 1000 ఆర్పీఎంకి సుమారు 0.7 బార్ (10 పీఎస్ఐ) ఉంటే చాలని పాత లెక్క.

ఎస్టీమ్_వాడకం:
ఇదే థ్రెడ్‌లో నాదీ అడుగుతాను. మారుతి ఎస్టీమ్ కారు, ఇదే 1.3 ఇంజిన్. నాది మెకానికల్ మీటరే. వేడి ఐడిలింగ్ 1.6, 2500 దగ్గర 6, 4000 దగ్గర 9 దాటుతుంది. పొద్దున స్టార్ట్ చేసి రేస్ చేస్తే ఫిల్టర్ గాస్కెట్ దగ్గర ఆయిల్ చిమ్ముతోంది. ఫిల్టర్ రెండుసార్లు మార్చినా అంతే.

క్రాంకు_కొలతలు:
మీది అచ్చమైన రిలీఫ్ వాల్వ్ కేసు. ఐడిలింగ్ మామూలుగా ఉండి, పైన ముల్లు ఎక్కడా ఆగట్లేదు. బండి నడపొద్దు. ఫిల్టర్ గాస్కెట్ బయటికి తన్నేసిందంటే క్షణాల్లో ఆయిలంతా రోడ్డు మీద ఉంటుంది. ఒక్కటి ముందు చూసుకోండి: పాత ఫిల్టర్ రబ్బరు బ్లాకుకే అతుక్కుని ఉండి, దాని మీద కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లయి ఇలాగే చిమ్ముతుంది. అయితే 9 బార్‌కి కారణం అది కాదు.

వాల్వ్ పంపు కేసింగ్‌లోనే ఉంటుంది. క్రాంకు పుల్లీ, టైమింగ్ బెల్టు, ఛాంబర్, స్ట్రైనర్ (ఆయిల్ లాగే చోట ఉండే జాలీ) పైపు తీస్తేనే పంపు బయటికొస్తుంది. వాల్వ్ వెనక అడ్డు తీసి స్ప్రింగ్, పిస్టన్ లాగండి. పిస్టన్‌కి ఆయిల్ రాసి దాని బొక్కలో వదిలితే సొంత బరువుకే జారాలి. ఎక్కడైనా తట్టుకుంటే 2000 నంబరు ఎమరీ పేపర్‌కి ఆయిల్ పూసి మెల్లగా రుద్దండి. అంచులు మాత్రం గుండ్రం చేయొద్దు. లోతైన గీత ఉంటే పంపు మార్చేయడమే.

స్ప్రింగ్ కింద వాషర్ ఉందేమో తప్పకుండా చూడండి. అరిగిన ఇంజిన్‌లో ఎర్ర లైటు వెలుగుతుంటే ప్రెషర్ పెంచుతామని కొందరు వాషర్ వేసి స్ప్రింగ్‌ని బిగిస్తారు. ఐడిలింగ్‌లో దానివల్ల ఒరిగేదేమీ లేదు, పైన మాత్రం ఇలా 9 బార్ అవుతుంది. తర్వాత ఎవరో కొత్త షెల్స్ వేసినా ఆ వాషర్ అందులోనే ఉండిపోతుంది.

బిగించేటప్పుడు రోటర్ల మధ్య ఆయిల్ నింపండి, పొడిగా పెడితే పంపు లాగదు. క్రాంకు సీల్, స్ట్రైనర్ ఓ-రింగు కొత్తవి వేయండి. ఛాంబర్‌కి సిలికాన్ 3 మిల్లీమీటర్ల పట్టీ చాలు. ఎక్కువైతే లోపలికి ఒత్తుకుని, ముక్కలు రాలి స్ట్రైనర్‌కి అడ్డం పడతాయి. ప్లగ్గులు, ఇగ్నిషన్ కనెక్షన్ తీసి, మీటర్‌లో ముల్లు కదిలేదాకా సెల్ఫ్ తిప్పండి, ఒక్కోసారి పది సెకన్లకి మించకుండా. తర్వాత స్టార్ట్ చేసి, చల్లగా ఉండగానే నెమ్మదిగా 3000 దాకా తీసుకెళ్లండి. ముల్లు 4–5 బార్ మధ్య ఎక్కడో ఒకచోట ఆగి నిలబడాలి. ఆగకుండా ఎక్కుతుంటే వెంటనే ఆపేసి అంకెలు ఇక్కడ పెట్టండి.