యూఎంఎస్ ఓడలో ఫిఫ్త్ ఇంజినీర్ చేత రోజూ టేపుతో సౌండింగ్: శిక్షణా, చాకిరీయా?

పాంచ్‌సాబ్_వైజాగ్
అందరికీ నమస్కారం. మెకానికల్ బీటెక్ తర్వాత జీఎంఈ (ఓడ ఇంజినీరింగ్) కోర్సు చేసి, ఇప్పుడు ఒక బల్క్ క్యారియర్‌లో (బొగ్గు, ధాన్యం లాంటివి మోసే ఓడ) ఫిఫ్త్‌గా, అంటే ఇంజినీర్లలో అందరికన్నా జూనియర్‌గా ఉన్నాను. మాది యూఎంఎస్ ఓడ, అంటే ఇంజిన్ రూమ్‌లో మనిషి లేకుండా నడవగలిగేది. సాయంత్రం పని ముగిశాక అలారాలు డ్యూటీ ఇంజినీర్ క్యాబిన్‌కి మళ్లించి, ఇంజిన్ రూమ్ ఖాళీ చేసి పైకి రావచ్చు. అయినా మా సెకండ్ సార్ (నా పై అధికారి, సెకండ్ ఇంజినీర్) రోజూ పొద్దున్నే సౌండింగ్ చేయమంటారు, అంటే ట్యాంకులన్నిటికీ కొలత టేపు దించి లోతు చూడమంటారు. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద లెవెల్స్ కనబడుతూనే ఉంటాయి కదా! ప్యూరిఫయర్ (నూనెని గిర్రున తిప్పి నీళ్లు, మడ్డి వేరుచేసే యంత్రం) బౌల్ కడగడం, బిల్జ్‌లో (ఇంజిన్ రూమ్ అడుగున మురికి నీళ్లు చేరే చోటు) చెత్త తీయడం, ఫిల్టర్లు, అన్నీ నాకే. క్లాస్ ఫోర్ ఇంజినీర్ సర్టిఫికెట్ పరీక్షకు పుస్తకం తెరిచే ఓపిక ఉండడం లేదు. ఇది నేర్పడమేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాత_సెకండ్
తమ్ముడూ, బిల్జ్ సంగతి పక్కన పెట్టు. సౌండింగ్‌ని మాత్రం చాకిరీ కింద జమకట్టకు. ఆయిల్ రికార్డ్ బుక్‌లో వారానికోసారి స్లడ్జ్ (నూనె మడ్డి) ట్యాంకుల లెక్క రాయాలి. పోర్ట్ స్టేట్ (రేవు ఉన్న దేశపు) ఇన్‌స్పెక్టర్ ఓడ ఎక్కి అనుమానపడ్డాడంటే స్క్రీన్ చూసి ఊరుకోడు, టేపు దించి చూపించమంటాడు. పుస్తకానికీ ట్యాంకుకీ పొంతన లేకపోతే అనుమానం నేరుగా మ్యాజిక్ పైపు మీదికి పోతుంది. 15 పీపీఎం సెపరేటర్‌ని (నీళ్లలో నూనె పది లక్షలకి 15 వంతులు మించకుండా వేరుచేసే యంత్రం) తప్పించి నూనె నీళ్లు సముద్రంలోకి వదిలే దొంగ పైపు అది. అమెరికాలో ఇలాంటి కేసుల్లో ఇంజినీర్లు జైలుకెళ్లారు.

పైగా టేపు దించడం కూడా ఒక పనితనమే. బాబ్ (టేపు చివరి గుండు) నిజంగా అడుగు తాకిందా, మధ్యలో బురద మీద ఆగిందా అన్నది చేతికి తెలియాలి. ట్రిమ్ (ఓడ ముందువెనకల వంపు), లిస్ట్ (పక్కకి వంపు) చూడకుండా లోతుని పరిమాణంగా మార్చే టేబుల్ తెరిస్తే లెక్క ఎక్కడికో పోతుంది. డీజిల్ ట్యాంకుకి బాబ్ మీద వాటర్ ఫైండింగ్ పేస్ట్ రాసి దించు. అడుగున నీళ్లుంటే పేస్ట్ రంగు మారుతుంది. నీ స్క్రీన్ ఆ నీళ్లని కూడా నూనెగానే లెక్కేస్తుంది.

ఈటీవో_కాకినాడ
అన్నా, నేను ఈటీవోని, ఓడలో కరెంటు పని చూసేవాణ్ని. సెన్సర్ తప్పు చూపిస్తే సెన్సర్‌ని బాగుచేయాలి, కుర్రాడి నడుం విరగ్గొడితే ఎలా? సింగపూర్‌లో 2017 నుంచి ఫ్యూయల్ ఆయిల్ బంకరింగ్‌కి (ఓడకి ఇంధనం నింపడం) మాస్ ఫ్లో మీటరే (పైపులో పోయే ఇంధనం బరువు కొలిచేది) తప్పనిసరి. అక్కడ లెక్క మీటరుది, టేపుది కాదు. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే సరుకు ఓడ కరెంటు పోయి వంతెనని గుద్దింది, వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు పోయారు. ఓడలో సిబ్బంది ఎక్కువమంది మన దేశం వాళ్లే. మొదటిసారి కరెంటు పోవడానికి కారణం వదులైన ఒక సిగ్నల్ వైరు అని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. వైరు చివరకు తొడిగిన లేబుల్ అడ్డుపడి అది టెర్మినల్‌లో పూర్తిగా దిగలేదట. ఏ సౌండింగ్ టేపు దాన్ని పట్టుకుంటుంది? ఫిఫ్త్‌కి ఆ గంట స్విచ్‌బోర్డు దగ్గర నేర్పితే మేలు కాదా?

రిటైర్డ్_చీఫ్
ఈటీవో బాబూ, డాలీ కథ సగమే చెప్పావు. మిగతా సగం మా ఇంజినీర్లది. ఆ ఓడలో జనరేటర్లకి ఇంధనం పంపడానికి ఫ్లషింగ్ పంపుని (లైన్లు కడగడానికి పెట్టిన పంపు) వాడుతుండేవారు. ఆ పంపు కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మళ్లీ స్టార్ట్ కాదు. ఇంధనం ప్రెషర్ పడిపోయి రెండోసారీ చీకటి అయింది. ఏ పంపు తనంతట తాను లేస్తుంది, ఏది లేవదు అన్నది స్క్రీన్ ముందు కూర్చుంటే ఒంటపట్టదు. టార్చిలైటు పట్టుకుని, పైపు వెంబడి పడి లైన్ ట్రేస్ చేసి, బొమ్మ గీసుకున్నవాడికే తెలుస్తుంది. ఫిఫ్త్‌గా ఉన్నప్పుడు చేయకపోతే ఇక చేయడు, ఫోర్త్ ఇంజినీర్ అయ్యాక అతని మెషినరీయే అతన్ని మింగేస్తుంది.

ప్యూరిఫయర్ కూడా అంతే. బౌల్ కడగడం ఉత్త కూలి పని కాదయ్యా. స్టాప్ నొక్కాక అది పూర్తిగా ఆగేదాకా కవర్ మీద చెయ్యి వెయ్యకూడదు, నిమిషానికి వేల చుట్లు తిరిగే బౌల్ అది. పెద్ద లాక్ రింగ్‌కి ఎడమ మర (మామూలుకి ఎదురు దిశలో తిప్పి విప్పేది) ఉంటుంది. తెలియనివాడు విప్పబోయి బిగిస్తాడు. గ్రావిటీ డిస్క్ (బౌల్‌లో నూనెకీ నీళ్లకీ హద్దు ఎక్కడుండాలో నిర్ణయించే రింగు) రంధ్రం అవసరానికి మించి పెద్దదైతే వాటర్ సీల్ (నూనెకి అడ్డుగా ఉండే నీటి పొర) తెగి, నీళ్లు పోయే దారిన నూనె పోతుంది. డిస్క్ ఎందుకు మార్చారో నువ్వు నీ సెకండ్‌ని అడిగావా? అడిగితే ఆయన చెప్పకపోతే, అప్పుడు అది చాకిరీ.

థర్డ్_మేడం
ఒక్క ప్రశ్న. రెస్ట్ అవర్స్ షీట్‌లో ఏం రాస్తున్నావు తమ్ముడూ? 24 గంటల్లో కనీసం 10 గంటలు, 7 రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ పదీ రెండు ముక్కలకు మించకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు. షీట్‌లో నిద్రపోతూ నిజంగా బిల్జ్‌లో ఉంటే, పైన చెప్పిన గొప్ప పాఠాలేవీ బుర్రకెక్కవు. సీనియర్లు ఈ మాట దాటేశారు.

పాత_సెకండ్
మేడం గారి మాటకి ఎదురు లేదు. ఈటీవో తమ్ముడికి ఒక్క ముక్క: మీటరు లేని రేవులు ఇంకా చాలానే ఉన్నాయి. ఇంధనం తెచ్చే బార్జ్ (పడవ) వాడు గాలి కలిపి ఆయిల్ పంపితే ట్యాంకులో నురగ పొంగి లెవెల్ ఎక్కువ కనబడుతుంది. టేపు మీద బుడగలు కనబడితే వెంటనే ఆపించి అడగొచ్చు.

ఈటీవో_కాకినాడ
బంకరింగ్‌కి ఒప్పుకుంటా. రోజూ అన్ని ట్యాంకులకీ మాత్రం ఒప్పుకోను.

పాంచ్‌సాబ్_వైజాగ్
షీట్ గురించి ఇక్కడ రాయలేను మేడం, అర్థం చేసుకోండి. గ్రావిటీ డిస్క్ సంగతి అడగలేదు సార్, రేపు అడుగుతా. స్లడ్జ్, సర్వీస్ (ఇంజిన్‌కి నేరుగా ఇంధనమిచ్చే) ట్యాంకులు నేను చూస్తాను, మిగతావి ఆయిలర్‌తో (ఇంజిన్ రూమ్ సహాయకుడు) పంచుకుంటాను, మిగిలే గంటలో ఈటీవో సార్ వెనకాల తిరుగుతాను అని సెకండ్ సార్‌ని అడగాలనుకుంటున్నా. ఆయనకి కోపం రాకుండా ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.

రిటైర్డ్_చీఫ్
ముందు ఫ్యూయల్ లైన్ బొమ్మ గీసి ఆయన బల్ల మీద పెట్టు. తప్పులు దిద్దుతూ కూర్చున్నప్పుడు అడుగు.