విషయం: వేగం గంటకు 60 మైళ్లు దాటగానే స్టీరింగు వణుకుతోంది, సలహా కావాలి

అందరికీ నమస్కారం. నేను జనవరిలో హైదరాబాదు నుంచి మిషిగన్‌లోని నోవైకి వచ్చాను. మూడు వారాల క్రితం తొంభై వేల మైళ్లు తిరిగిన పాత సెడాన్ కారు కొన్నాను. ఊళ్లో తిరిగేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు గాని, ఆన్ ఆర్బర్‌లోని ఆఫీసుకు వెళ్లేటప్పుడు వేగం 60 మైళ్లు దాటగానే స్టీరింగు వణకడం మొదలై, 75 దగ్గర కొంత తగ్గుతోంది. ఒక షాపులో చూపిస్తే ముందు చక్రాల బేరింగులు, ఇంజను బలాన్ని చక్రాలకు అందించే యాక్సిళ్లు రెండు పక్కలా మార్చాలన్నారు. ఒప్పుకోమంటారా?

---

నమస్కారమండీ. ఇప్పుడే ఒప్పుకోకండి. వణుకు ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు ఆగుతోందో తేల్చుకోకుండా సామాను మార్పించడం వల్ల డబ్బు పోతుంది గాని వణుకు పోకపోవచ్చు. నా మొదటి కారుకు ఇలాగే అయింది. బ్రేకు డిస్కులు వంకరపోయాయని చెబితే నమ్మి రెండూ మార్పించాను. షాపు నుంచి బయటికి వచ్చి హైవే ఎక్కగానే స్టీరింగు మళ్లీ అలాగే వణికింది. నిజానికి ఆ కారు బ్రేకు వేసినప్పుడు ఏనాడూ వణకలేదు. ఆ ఒక్క సంగతి నేను గమనించి చెప్పి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

కాబట్టి రద్దీ లేని సమయంలో, పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని, వణుకు వచ్చే వేగానికి వెళ్లండి. అక్కడ యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేయండి. కాలు తీయగానే వణుకు ఆగి, మళ్లీ తొక్కగానే వస్తే యాక్సిల్ లోపలి జాయింటును అనుమానించాలి. కాలు తీసినా వణుకు అలాగే ఉండి, వేగం తగ్గేకొద్దీ తగ్గితే లోపం దాదాపుగా చక్రాల్లోనో టైర్లలోనో ఉన్నట్టే. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్కులు చూపించాలి. బండి నిలిచి ఉన్నప్పుడు కూడా వణికితే అది ఇంజను సంగతి. స్టీరింగు వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనుక చక్రాలు అన్నది సాధారణంగా సరిపోయే గుర్తు.

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి నాకు మొదట తోచేది వీల్ బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్ముకు చిన్న బరువులు అతికించి సరిచేయడం. మీ సెడాన్ చక్రం 65 మైళ్ల వేగంలో సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒక్క ఔన్సు, అంటే 28 గ్రాముల తేడా ఉన్నా, ఆ వేగంలో అది నాలుగు కిలోలకు పైగా బలంతో చక్రాన్ని చుట్టూ లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు, సస్పెన్షన్ మీద చక్రం సహజంగా ఊగే వేగంతో కలిసినప్పుడు వణుకు పెద్దదవుతుంది, దాన్ని దాటాక తగ్గినట్టు అనిపిస్తుంది. నగరం లోపల గంటకు 50 కిలోమీటర్లకు మించకుండా నడిపినంత కాలం ఈ లోపం బయటపడదు, అందుకే మనలో చాలామందికి ఇక్కడికి వచ్చాకే ఇది ఎదురవుతుంది.

రేపు పగటి వెలుతురులో స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి, రిమ్ము లోపలి వైపు టార్చి వేసి చూడండి. మిషిగన్ చలికాలంలో అక్కడ మంచు, బురద గడ్డకట్టి ఉండటం చాలా మామూలు. అదొక్కటే ఉంటే కార్ వాష్‌లో కడిగితే పోతుంది. ఆ తర్వాత, నల్లటి బ్రేకు దుమ్ము మధ్యలో అగ్గిపెట్టె పక్క అంత శుభ్రమైన చారిక, దాని మీద ఎండిన జిగురు కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే అక్కడ అతికించిన బరువు ఊడిపోయినట్టు.

టైర్లను అరచేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే ఆ టైరుతో హైవే ఎక్కకండి, ఈ విషయంలో దయచేసి ఒక్కరోజు కూడా సర్దుకోవద్దు. టైరు మీద డాట్ (DOT) అనే అక్షరాల వెంట ఉన్న సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారీ వారం, సంవత్సరం తెలుపుతాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు చూసి పట్టించండి, టైరు మీద రాసినది గరిష్ఠ పరిమితి మాత్రమే.

అలైన్‌మెంటు, అంటే చక్రాలు నిలిచే కోణాలు సరిచేయడం, బ్యాలెన్సింగు ఒకటి కావు. అలైన్‌మెంటు తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది.

---

అన్నగారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. బేరింగు పాడైతే సాధారణంగా ముందు వినిపించేది హోరు, ఒక పక్కకు వంపు తిరిగినప్పుడు అది పెరిగి, రెండో పక్కకు తిరిగినప్పుడు తగ్గుతుంది. మీకు అటువంటి చప్పుడేదీ లేకపోతే, రెండు బేరింగులూ ఎందుకు మార్చాలో, ఎలా తేల్చారో వారిని అడగండి. షాపుకు వెళ్లినప్పుడు ఫలానాది మార్చండి అనకుండా, ఏ వేగంలో ఏమవుతోందో చెప్పి, రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ యంత్రం ఉందా అని అడగండి. అది టైరును రోలరుతో ఒత్తి తిప్పుతుంది కాబట్టి మామూలు యంత్రానికి దొరకని టైరు వంకర కూడా తెలుస్తుంది.

---

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాలు తీసినా వణుకు ఆగలేదు, హోరు లేదు. ఎడమ ముందు చక్రం లోపల మీరు చెప్పిన జిగురు చారిక అలాగే కనిపించింది. నాలుగు చక్రాలూ బ్యాలెన్సింగ్ చేయించాక స్టీరింగు నిలకడగా ఉంది. కాని 70 దగ్గర సీటు కింద సన్నగా అదురుతోంది. కుడి వెనుక రిమ్ము కొంచెం వంగిందని యంత్రంలో చూపించారు. దాన్ని సరిచేయించవచ్చా?

---

గుంతలో పడి వంగి ఉంటుంది, ఇక్కడ మంచు కరిగే రోజుల్లో రోడ్లు అలాగే ఉంటాయి. అల్యూమినియం రిమ్ములో పగులు ఉంటే వెల్డింగు చేయించవద్దు, మార్చేయండి. వంపు మాత్రమే అయితే తిన్నగా చేసేవారున్నారు గాని, జంక్‌యార్డులో మీ కారు మోడలుదే, అదే కొలత రిమ్ము దొరికితే నేనైతే అదే తీసుకుంటాను. చక్రాలు విప్పి బిగించారు కనుక 50 నుంచి 100 మైళ్ల లోపు, ఎంత బలంతో బిగించామో తెలిపే టార్క్ రెంచితో నట్లు మరోసారి సరిచూసుకోండి. ఎంత బిగించాలో కారు మాన్యువల్‌లో ఉంటుంది.