రెండు టేబుళ్లు మిగిలాయి: పాత 32-బిట్ పెట్టెలకా, రిస్క్-ఫైవ్ బోర్డులకా?

పాతపెట్టె:
వచ్చే నెల హైదరాబాద్‌లో డెబియన్ (లినక్స్ రకం ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మీద పనిచేసేవాళ్లం రెండు రోజులు కూర్చుంటున్నాం కదా. గదిలో పట్టేది నాలుగు టేబుళ్లు, రెండు మామూలు ల్యాప్‌టాప్‌లకి పోతాయి. మిగిలిన రెండూ రిస్క్-ఫైవ్ (ఎవరైనా వాడుకోగల కొత్త ప్రాసెసర్ డిజైన్) బోర్డులకే అని నిన్న కాల్‌లో తేల్చేశారట. నేను లేను, నాకు నచ్చలేదు. మా ఊరి బడిలో పదకొండు కంప్యూటర్లున్నాయి, అన్నింట్లోనూ 32-బిట్ డెబియన్ 12 నడుస్తోంది. 2025 ఆగస్టులో వచ్చిన 13లో ఐ386కి, అంటే ఈ 32-బిట్ పీసీ రకానికి, ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) లేదు. ఆ పిల్లల్ని ఏం చేద్దాం? మీలో ఒక్కరైనా ఇంట్లో రోజూ వాడేది రిస్క్-ఫైవ్ మీదేనా, చెప్పండి.

బోర్డుపిచ్చి:
అన్నా, బడి సంగతి నిజమే, కాదనను. కానీ మనం పదిమందిమి రెండు రోజులు కూర్చుంటే ఐ386 బతుకుతుందా? కెర్నల్ కట్టాలి, ఇన్‌స్టాలర్ చూసుకోవాలి, ఆ తర్వాత ఏళ్ల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్లు, ఇదంతా ఎవరు మోస్తారు? 13లో 32-బిట్ ఆర్మ్‌ని (ఫోన్లలో ఉండే ప్రాసెసర్ రకం) కూడా 64-బిట్ టైమ్‌కి, అంటే తేదీని పెద్ద అంకెలో దాచే పద్ధతికి, మార్చారు, ఐ386ని మాత్రం పాత ప్రోగ్రాములు చెడిపోతాయని అలాగే వదిలేశారు. అంటే 2038 జనవరి 19 దాటితే దాని తేదీలు తలకిందులే. రిస్క్-ఫైవ్ అదే 13లో మొదటిసారి అధికారికంగా వచ్చింది. మద్రాస్ ఐఐటీ శక్తి, సీడాక్ వేగా అనే మన దేశపు ప్రాసెసర్లు రెండూ దాని మీదే. మన పని నిలబడేది అక్కడ.

టీబ్రేక్:
శక్తి పేరెత్తితే చప్పట్లు పడతాయి సరే, ఆ చిప్పున్న బోర్డు టేబుల్ మీదికి తెచ్చేదెవరు? మన దగ్గరున్నవి విజన్‌ఫైవ్ 2 అనే రిస్క్-ఫైవ్ బోర్డులు. డెబియన్ మీద కట్టిన ఉబుంటు 25.10 నుంచి ఆర్‌వీఏ23 ప్రొఫైల్ (ప్రాసెసర్‌కి ఉండాల్సిన సౌకర్యాల పట్టిక) ఉండాల్సిందే అంది, వీటిలో అది లేదు. బడి పెట్టెని ముసలిదని తోసేసి, పుట్టీ పుట్టగానే ముసలైపోయిన దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నాం.

అకారాది:
నా గోల కాస్త వేరు. తెలుగు పదాల్ని వరసగా పేర్చే చిన్న ప్రోగ్రామ్ సీ భాషలో రాసుకున్నా, ల్యాప్‌టాప్‌లో రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న ఆర్మ్ కంప్యూటర్‌లో పెడితే ఇంగ్లిష్ పదాలన్నీ వచ్చాయి, తెలుగు పదం ఒక్కటీ లేదు! ఫైల్ పాడైందేమోనని ఒక రాత్రంతా దాని చుట్టూ తిరిగా. తీరా చూస్తే, 'అ' యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) మూడు బైట్లు, మొదటిది 224. ఎక్స్86లో (మామూలు పీసీల ప్రాసెసర్ రకం) క్యార్, అంటే సీలో ఒక బైటు పట్టే రకం, సైన్డ్ (మైనస్ విలువలూ ఉంటాయి) కాబట్టి అది -32 అవుతుంది, నేనేమో 'సున్నా కన్నా తక్కువైతే తెలుగు' అని రాసిపారేశా. ఆర్మ్ లినక్స్‌లో క్యార్ అన్‌సైన్డ్, 224 అలాగే ఉంటుంది. రిస్క్-ఫైవ్‌లోనూ అంతే. మీ బడి పెట్టె మీద వందేళ్లు నడిపినా ఈ తప్పు బయటపడదు. అందరి జేబుల్లోనూ ఉన్నవి ఆర్మ్ ఫోన్లే, మరి మన తెలుగు ప్యాకేజీల్ని అక్కడ ఎంతమంది పరీక్షించారు? నాకు ఒక టేబుల్ కావాలి, ఆర్మ్‌కీ రిస్క్-ఫైవ్‌కీ కలిపి. బిగ్ ఎండియన్ (అంకెలో పెద్ద బైటు ముందుండే పద్ధతి) తప్పులు పట్టాలంటే డెబియన్‌లో అధికారికంగా మిగిలింది ఎస్390ఎక్స్ ఒక్కటే, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ గదిలోకి రాదు గనక దాన్ని వేరే ప్రాసెసర్‌లా నటించే క్యూఎంయూ ప్రోగ్రామ్‌లో చూసుకుందాం.

పాతపెట్టె:
జీసీసీకి (సీ కంపైలర్) ఎఫ్-అన్‌సైన్డ్-క్యార్ ఫ్లాగ్ ఇస్తే నీ ల్యాప్‌టాప్‌లోనే దొరికేది కదయ్యా. దానికి బోర్డెందుకు?

అకారాది:
ఆ ఫ్లాగ్ పెట్టాలని ముందే తోచినవాడు ఆ తప్పు రాయడు కదన్నా.

టీబ్రేక్:
😂 అన్నా, ఒక్క మాట. ఆ పదకొండూ నిజంగా 32-బిట్టేనా? అప్పట్లో 64-బిట్ ప్రాసెసర్ల మీద కూడా 32-బిట్టే వేసేవాళ్లు. ఎల్ఎస్‌సీపీయూ అనే కమాండ్ కొట్టి, ఆప్-మోడ్ అనే వరసలో ఏముందో చూడండి.

పాతపెట్టె:
పొద్దున బడికెళ్లి చూసొచ్చా. ఏడింట్లో 32, 64 రెండూ ఉన్నాయి. ఆరేళ్లుగా చూస్తున్నా, ఆ వరస ఒక్కసారీ చదవలేదు, సిగ్గేసింది. వాటికి 13 వేసేస్తా. మిగతా నాలుగూ పాత ఆటమ్‌లు (ఇంటెల్ చిన్న ప్రాసెసర్లు), వాటి గతి 12తోనే. ఒక టేబుల్ అకారాదికి ఇవ్వండి, బోర్డులూ అక్కడే పెట్టుకోండి. రెండోది నాది, ఆటమ్‌లు తెస్తున్నా, 12ని ఎంతవరకు లాగొచ్చో అక్కడే తేలుద్దాం. వీజీఏ మానిటర్ ఎవరి దగ్గరుంది?