సైకాలజీ ప్రశ్నావళులు ఇంటికి ఇచ్చి పంపొచ్చా?

ప్రశ్న
మా ఓపీకి దూరపు ఊళ్ల నుంచి వస్తారు. ఎమ్‌ఎమ్‌పీఐ-2 (వ్యక్తిత్వం, మానసిక సమస్యలు అంచనా వేసే పెద్ద ప్రశ్నావళి) గంటన్నర పడుతుంది, బస్సు టైమైందని మధ్యలోనే లేస్తారు. బుక్‌లెట్ ఇచ్చి పంపి మళ్లీ వచ్చినప్పుడు తెమ్మనొచ్చా? డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9, పిల్లల స్కేళ్ల సంగతేమిటి?

జవాబు 1
ఎమ్‌ఎమ్‌పీఐ మాత్రం ఇవ్వకండి. 567 వాక్యాలు ఇంట్లో ఎవరు చదివారో, ఎవరు గీశారో మీకు తెలియదు. అందులోనే వీఆర్ఐఎన్ అనే తనిఖీ స్కేలు ఉందిగా అంటారు. అది పొంతన లేని జవాబులను పట్టిస్తుంది, నిజమే. దాని టీ స్కోరు (సగటును 50గా పెట్టి లెక్కేసే స్కోరు) 80కి చేరితే ప్రొఫైల్ (అన్ని స్కేళ్ల స్కోర్ల పటం) చదవకూడదు. కానీ భార్య బదులు భర్త శ్రద్ధగా కూర్చుని నింపితే పొంతన చక్కగా కుదురుతుంది, స్కేలుకు ఏమీ దొరకదు. మీరు ఆయన ప్రొఫైల్ చూసి ఆమెకు రిపోర్ట్ రాస్తారు!

ఒకే రోజు రెండు విడతలుగా చేయించండి, మధ్యలో టీ తాగి రమ్మనండి, అంతవరకు బుక్‌లెట్ మీ దగ్గరే ఉండాలి. అసలు కుదరకపోతే మొదటి 370 వాక్యాలతో జవాబులు నమ్మదగినవో కాదో చూపే ఎల్, ఎఫ్, కె స్కేళ్లు, ప్రధాన క్లినికల్ స్కేళ్లు వస్తాయి. వీఆర్ఐఎన్, ఎఫ్‌బీ (చివరి భాగం జవాబులను తనిఖీ చేసే స్కేలు) రావు. లేచేముందు ఖాళీలు లెక్కపెట్టండి, 30 దాకా ఉంటే పేపర్ పనికిరాదు.

జవాబు 2
పీహెచ్‌క్యూ-9 అయిదు నిమిషాల పని, వెయిటింగ్ హాల్లోనే అయిపోతుంది. దాన్నీ, డిప్రెషన్‌కే వాడే బీడీఐ-2నీ ఇంటికి పంపాలంటే నాకు భయం. రెండింటిలోనూ 9వ ప్రశ్న చావు ఆలోచనల గురించే. ఆ గడిలో 2 పెట్టిన కాగితం మళ్లీ విజిట్ దాకా సంచిలో పడి ఉండకూడదు. తప్పక పంపాల్సి వస్తే నింపాల్సిన రోజు చెప్పండి, ఆ సాయంత్రమే ఫోన్ చేసి ముందు 9వ జవాబు అడగండి. సున్నా కాకపోతే అప్పుడే మాట్లాడాలి. కాగితం మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 రాసివ్వండి.

జవాబు 3
పిల్లల రేటింగ్ స్కేళ్లు ఇంటికి పంపాల్సినవే. పిల్లాణ్ని రోజూ చూసేది తల్లిదండ్రులు, టీచర్లే కదా. సీబీసీఎల్ 6-18 (6-18 ఏళ్ల పిల్లల ప్రవర్తన చెక్‌లిస్ట్) తల్లికొకటి, తండ్రికొకటి విడిగా ఇవ్వండి, తేడాలుంటే అవీ సమాచారమే. టీచర్ ఫారం అంటించిన కవర్లో రావాలి. తల్లిదండ్రులది గత 6 నెలల గురించి, టీచర్‌ది గత 2 నెలల గురించి. ఇది నోటితో చెప్పకపోతే పుట్టినప్పటి నుంచీ రాస్తారు.

పసిపిల్లల్లో ఆటిజం అనుమానం పట్టే ఎమ్‌చాట్-ఆర్‌లో ఇంకో చిక్కుంది. 20 ప్రశ్నల్లో 2, 5, 12 తిరగేసినవి, వాటికి 'అవును' అంటేనే రిస్క్ మార్కు, మిగతావాటికి 'కాదు' అంటే. చదవకుండా అన్నీ 'అవును' గీస్తే సరిగ్గా 3 వస్తుంది, బిడ్డ మధ్యస్థ రిస్క్‌లో పడతాడు. ఆ మూడూ మళ్లీ నోటితో అడగండి.

బినె-కామత్, మాలిన్ లాంటి ఐక్యూ టెస్టుల సామగ్రి మాత్రం గది దాటకూడదు. ఫొటో కూడా తియ్యనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు
చదువు రానివాళ్లకు?

జవాబు 1
మీరే చదవండి, ఉన్న మాట ఉన్నట్టు. అర్థం కాలేదంటే అదే వాక్యం నెమ్మదిగా మళ్లీ చదవండి, విడమరిచి చెప్పొద్దు. పక్కన బంధువులుండకూడదు. 'చదివి వినిపించాం' అని పత్రం పైన, రిపోర్ట్‌లోనూ రాయండి.