అప్‌డేట్: వోయ్‌నిచ్ రాతప్రతి నకిలీయా అని అడిగాను కదా

1912లో పుస్తకాల వ్యాపారి విల్‌ఫ్రిడ్ వోయ్‌నిచ్ ఇటలీలో కొన్న, ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయిన ఆ పుస్తకాన్ని ఆయనే తయారు చేయించి ఉంటాడా అన్నది నా ప్రశ్న. ముందు దాని పేజీలకు వాడిన తోలు వయసు చూడమన్నారు, చూశాను. అరిజోనా యూనివర్సిటీ కార్బన్ డేటింగ్‌లో 1404–1438 మధ్యదని తేలింది. అయితే పాత తోలు ఖాళీగా దొరికితే దాని మీద ఎవరైనా, ఎప్పుడైనా రాయొచ్చు కాబట్టి నాకు అదొక్కటే సరిపోలేదు.

నా అనుమానం తీర్చింది ఉత్తరం. ప్రాగ్‌లో ఉండే బారెష్ అనే ఆయన 1639లోనే రోమ్‌లోని పండితుడు కిర్షర్‌కి, తన దగ్గర తెలియని లిపిలో, మొక్కల బొమ్మలతో, నక్షత్రాలతో ఓ పుస్తకం ఉందని, చదివి పెట్టమని రాశాడు. ఆ ఉత్తరం కిర్షర్ కాగితాల్లో ఉండిపోయి, వోయ్‌నిచ్ చనిపోయిన చాలా ఏళ్లకు గానీ బయటపడలేదు. ఇక ఆయన నకిలీ చేశాడనడం కష్టం.

ఇంకొకటి, 2024లో బయటికొచ్చిన మల్టీస్పెక్ట్రల్ ఫోటోల్లో (కంటికి కనపడని కాంతి కూడా వాడి తీసినవి) మొదటి పేజీ అంచున వెలిసిపోయిన అక్షరాల వరసలు కనిపిస్తున్నాయి, మామూలు రోమన్ అక్షరాలు, పక్కనే ఈ వింత లిపి. ఎవరో పాపం కూర్చుని ఆ లిపిని చదివే తాళంచెవి వెతికారు! అది మార్చి అనే ప్రాగ్ వైద్యుడి చేతిరాతని, పాత రాతప్రతుల నిపుణురాలు లిసా ఫేగిన్ డేవిస్ అభిప్రాయం. పుస్తకం ఇప్పుడున్న యేల్ యూనివర్సిటీ వాళ్ల స్కాన్లు ఉచితమే, ఆ పేజీ మీరూ జూమ్ చేసి చూడండి.